రూబీలో నాలుగు గంటల ఆట

పైలట్ వెల్స్, నెవాడా
2025 జనవరి 12, ఆదివారం

ఒరేయ్ బ్రహ్మం,

మొన్న ఫోన్‌లో నేను "మంచు" అంటే నువ్వు "మంచం" అని విని, విరిగిందా అక్కా, ఎలా పడుకుంటున్నావు అని కంగారుపడ్డావే, అప్పుడే అనుకున్నాను ఇక నీతో కాగితం మీదే మాట్లాడాలని. ఉమ అట్ట మీద రాసి చూపించేదాకా నా మంచానికి వడ్రంగిని వెతుకుతూనే ఉన్నావట. మంచం బాగానే ఉంది. పడింది మంచు. మోకాలి లోతు.

అసలు సంగతి మా రూబీది. ఆరువందలమంది ఉండే ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమా హాలు. ఇది కాక ఇంకో హాలు కావాలంటే నూట పది మైళ్ళు పోవాలి. ఆస్పత్రికైనా అంతే దూరం. ఈ మంచు బరువుకి రూబీ కప్పు ఒక పక్క దిగిపోయింది. కౌంటీవాళ్ళు వచ్చి కాగితం అంటించి వెళ్ళారు, జూన్‌లోగా ఏ సంగతీ తేలకపోతే పడగొట్టేస్తారట. అందాకా ఆ పక్క కుర్చీలు మూసేసి ఆట వేసుకోవచ్చన్నారు. చారిత్రక కట్టడమని రాష్ట్రం గుర్తిస్తే మాత్రం ముట్టుకోరు, కప్పు కూడా వాళ్ళే వేయిస్తారు. గుర్తించాలంటే హాలు చరిత్ర ఎవరో ఒకరు రాసి పంపాలి. ఆ ఎవరో ఒకరు నేనేనని లవర్న్ తేల్చేసింది. "ఈ ఊళ్ళో అందరి చరిత్రా నీ దగ్గరే ఉంది డాక్టర్, హాలుది మాత్రం ఎక్కడికి పోతుంది?" అంది. లవర్న్ ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేది, ఇప్పుడు రూబీలో బొమ్మ వేస్తుంది. దాని ముగ్గురు పిల్లలూ నా చేతుల్లోనే పుట్టారు. కాదంటే ఒప్పుకునే రకం కాదు.

మొదలుపెట్టాను. 1937లో కట్టినవాడు అరియెటా అని ఒక గొర్రెల కాపరి. స్పెయిన్ కొండల్లోంచి వచ్చిన బాస్క్ మనిషి. రెండువేల గొర్రెలతో వేసవంతా కొండ మీదే ఉండేవాడు, నెలల తరబడి మనిషి మొహం కనపడదు. ఒకసారి రీనో వెళ్ళి సినిమా చూశాడు. సినిమా ఏమంత నచ్చలేదట. అంతమంది ఒకేచోట కూర్చుని, ఒకేవైపు చూస్తూ, ఒకేసారి నవ్వడం చూసి మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. గొర్రెలు బాగా పెరిగి కాస్త డబ్బు చేతికి రాగానే హాలు కట్టాడు. కాపర్లు కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళని, చివరి వరస కుక్కలకి వదిలేశాడు. మన టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు గుర్తొచ్చింది నాకు. అక్కడా కుక్కలుండేవి, టిక్కెట్టు లేకుండా.

నిన్న నాలుగు గంటల ఆటకి ముప్ఫై ఒక్కమందిమి వచ్చాం. మీ బావగారు మామూలుగానే దగ్గేవాళ్ళని వెనక మూడు వరసల్లోకి పొమ్మన్నారు. అందరూ నవ్వుకుంటూ వెళ్ళారు. ఇంత చలిలోనూ ఆయన గొంతు ఏమీ బొంగురుపోలేదు.

చెవి మిషన్ ఉండాల్సింది సొరుగులో కాదు, చెవిలో. ఉమకి, నీకు నా ఆశీస్సులు.

అక్క


అరోరా, ఇల్లినాయి
జనవరి 26

అక్కయ్యకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ మేం క్షేమం. ఉమ మోకాళ్ళు మాత్రం వాటి మాటే వాటిది. నిన్న గుడికి వెళ్ళాం. పది నిమిషాల డ్రైవ్. పులిహోర ఇంటి పులిహోరలాగే ఉంది. ఇక్కడ మనవాళ్ళు, మన కూరలు, మన డాక్టర్లు, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయని నీకు చెప్తూనే ఉన్నాను. కింద గది ఖాళీగా ఉంది. మెట్లు ఎక్కే పని లేదు. కిటికీలోంచి మేపుల్ చెట్టు కనిపిస్తుంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉమ చేత కూడా చదివించాను. ఎలా అడగాలో తెలియక వారం ఆగాను. అక్కా, బావగారు పోయి రెండేళ్ళ రెండు నెలలైంది. నవంబరులో, ఆ చిన్న చర్చి వెనక, గాలికి నా టోపీ ఎగిరిపోతుంటే నేనే దగ్గరుండి అన్నీ చూశాను. నీకు గుర్తు లేదని కాదు. ఆయన కలలో కనిపిస్తున్నారా? కనిపిస్తే తప్పేం లేదు. మనకి నలభై ఏడేళ్ళు తోడున్న మనిషి.

నువ్వు హాలు చరిత్ర అంటే ఒకటి గుర్తొచ్చింది. 1979లో నేను ఇక్కడ చదువుకుంటున్నప్పుడు, తెలుగు అసోసియేషన్‌వాళ్ళు తెప్పించిన సినిమా రీళ్ళు డబ్బాల్లో పెట్టి నీకు బస్సులో పంపాను. అవి ఆడాయో లేదో నువ్వెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు, కొంచెం భయంతో.

ఎందుకు భయమో నువ్వు చెప్పాక చెప్తాను.

నీ తమ్ముడు
బ్రహ్మయ్య


పైలట్ వెల్స్
ఫిబ్రవరి 16, ఆదివారం

బ్రహ్మం,

ఎందుకు భయమో నాకు తెలుసులే. రీళ్ళకి చీటీలు అంటించింది నువ్వేగా?

ఆడింది. అప్పట్లో రాగిగని నడుస్తూ ఉండేది, ఊళ్ళో మూడువేలమంది. హాలు అరియెటా కూతురి చేతిలో ఉండేది. డాక్టరుగారి దేశపు సినిమా అని ఊరంతా వచ్చేసింది. కింద ఇంగ్లీషు అక్షరాలు లేవు. మీ బావగారు తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పారు. హీరోయిన్ ఏడిస్తే ఈయన గొంతూ వణికేది. విలన్ మాటలకి ఎక్కడ నేర్చుకున్నారో గాని కౌబాయ్ యాస పెట్టారు. జనం పడీపడీ నవ్వారు.

అంతా బాగానే సాగుతోంది. హీరోయిన్ చచ్చిపోయింది. చితి కూడా వెలిగించారు. తరవాతి రీలు వేశారు. అందులో ఆవిడకి పెళ్ళి.

ఎవరో లేచి, "డాక్టర్, ఆమె చనిపోయింది కదా?" అన్నారు.

మీ బావగారు ఒక్క క్షణమే ఆలోచించారు. "మళ్ళీ పుట్టింది. మా దగ్గర అంతే."

"అదే ఊళ్ళోనా?"

"అదే ఊళ్ళో. అదే మొగుడి కోసం."

ఒకాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మిగతా సినిమా అంతా గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నారు. పదేళ్ళ తరవాత అదే మనిషి, గనిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోయి మా క్లినిక్‌లో ఆఖరి రోజుల్లో ఉండగా మీ బావగార్ని అడిగాడు, "డాక్టర్, నిజంగా అదే ఊళ్ళో పుట్టొచ్చా?" అని. ఆయన మంచం పట్టె మీద కూర్చుని, "అదే వీధిలో కూడా పుట్టొచ్చు" అన్నారు. నీ తప్పు చీటీ అంతదూరం వెళ్ళిందిరా.

84లో గని మూసేశారు. మనుషులు వెళ్ళిపోయారు, రూబీ చీకటైపోయింది. 87లో మిగిలినవాళ్ళమే తాళం తీయించాం. కుర్చీల మఖమలంతా ఎలకలు తినేశాయి. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో కుర్చీకి తమ దగ్గరున్న బట్ట కుట్టారు. ఒకరు పరదాలు, ఒకరు గని జాకెట్లు, ఒకావిడ తన పెళ్ళి గౌను. నా ఆకుపచ్చ గద్వాల చీర E వరసలో మూడు కుర్చీలకి వచ్చింది. జరీ అంచు చేతులు ఆనే చోటికి వచ్చేట్టు కుట్టాను. సాయంత్రపు ఆటకి తలుపు తీసినప్పుడల్లా పడమటి ఎండ లోపలికొచ్చి ఆ జరీ మీద పడుతుంది. హాలు మధ్యలో ఎవరో దీపం పెట్టినట్టుంటుంది. తలుపు మూయగానే ఆరిపోతుంది.

కలలో కనిపిస్తున్నారా అని అడిగావు. కనిపించరురా. వినిపిస్తారంతే. అదీ శనివారం నాలుగింటికి. మిగతా వారమంతా ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. ఒక్కోసారి గాలి వచ్చి సేజ్ పొదల వాసన వంటింటిదాకా తెస్తుంది, అంతే.

మేపుల్ చెట్టు బాగుంటుంది. కాదనను.

అక్క


అరోరా
మార్చి 2

అక్కా,

ఎక్కువ రాయలేకపోతున్నాను. మా అనన్య పిల్లలకి పదిహేనో తారీఖున స్ప్రింగ్ బ్రేక్ సెలవలు మొదలవుతాయట. వాళ్ళ ఊరు కాపెల్ నుంచి తనొక్కతే నీ దగ్గరికొచ్చి నాలుగు రోజులు ఉంటానంటోంది. పిల్లల్ని వాళ్ళ నాన్న చూసుకుంటాడు. మేనత్తని చూడాలనుంది అంది. నేనేం చెప్పలేదు, దానంతట అదే అంది.

వేళకి భోజనం చెయ్యి. ఆయన వినిపించినప్పుడు నువ్వు తిరిగి జవాబు చెప్తావా? ఊరికే అడుగుతున్నాను.

బ్రహ్మయ్య


పైలట్ వెల్స్
మార్చి 23

డాక్టర్ బ్రహ్మయ్యగారికి,

తమరు ఎప్పుడు డాక్టరయ్యారో తెలియక ఇన్నాళ్ళూ ఒరేయ్ అంటూ రాశాను. మన్నించాలి.

పిల్ల వచ్చిందని ఎంత సంబరపడ్డాననుకున్నావు? పెసరట్లు పోశాను. రెండో రోజు కాఫీ తాగుతూ, "అత్తా, ఒక గడియారం బొమ్మ గీస్తావా? జస్ట్ ఫర్ ఫన్" అంది. ఆ తరవాత "ఇవాళ ఏ వారం అత్తా?" అంది. "నేను మూడు వర్డ్స్ చెప్తాను, నువ్వు తరవాత మళ్ళీ చెప్పాలి, ఓకే?" అంది. ఆ మతిమరుపు పరీక్ష నేను ఈ ఊళ్ళో రెండొందలమందికి పెట్టానురా. ఎవరికి ఎందుకు పెడతారో నాకు తెలియదా? మూడు మాటలూ చెప్పాను. గడియారం గీసిచ్చాను. కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది, నీకు పంపడానికే కాబోలు.

అక్క దగ్గరికి కూతుర్ని పంపావనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ని పంపావు.

ఇక ఆయన గొంతు సంగతి. టేపురా! 79లో ఆయన మైకు పట్టుకున్నప్పటినుంచీ ప్రతి ఆటకీ ముందు డాక్టర్ నాలుగు మాటలు చెప్పాల్సిందేనని ఊరు పట్టుబట్టింది. మళ్ళీ తెరిచాక ఎవరికో కాన్పు, ఎవరికో గుండెనొప్పి, ఆయనకి వేళకి రావడం కుదిరేది కాదు. అందుకని 88లో లవర్న్ వాళ్ళ వంటింట్లో కూర్చుని ఒక క్యాసెట్‌లో చెప్పారు. "నేను డాక్టర్ రావుని. దగ్గేవాళ్ళు వెనక మూడు వరసల్లోకి వెళ్ళండి. ఏడ్చే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి, ఏడ్చే పెద్దవాళ్ళు ఉండొచ్చు. గుండె పట్టేసినట్టుంటే ఇంటర్వెల్ దాకా ఆగొద్దు, నేను E వరసలో మొదటి కుర్చీలో ఉంటాను." ముప్ఫై ఏడేళ్ళుగా ప్రతి శనివారం ఆటకి ముందు అదే వేస్తున్నారు. ఆయన పోయిన వారం ఆపుదామా అని లవర్న్ నన్ను అడిగింది. వెయ్యమన్నాను.

నీకు తెలుసనుకున్నాను. ఎందుకంటే 91లో నువ్వు, ఉమ వచ్చినప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని విన్నావు కాబట్టి! టేపులో ఆయన మాట్లాడుతుంటే ఆయన నీకవతల కూర్చుని పల్లీలు తింటున్నారు. ఇప్పుడు చెప్పు, మతిమరుపు నాకా, నీకా?

అనన్య మంచిదే. శనివారం హాలుకి వచ్చి, విని, ఏడ్చింది. టేపుని ఫోన్‌లో రికార్డ్ చేసి, "అత్తా, ఇంక నువ్వు ఎక్కడున్నా మామయ్య వాయిస్ వినొచ్చు. అరోరాలో కూడా" అంది. మర్నాడు పొద్దున్న వంటింట్లో పెట్టి వినిపించింది. ఆయన గొంతే. చుట్టూ చూశాను. స్టవ్ ఉంది, కుర్చీ ఉంది. దగ్గేవాళ్ళెవరూ లేచి వెనక్కి వెళ్ళలేదు.

అది నీకు అర్థమైతే అయినట్టు. కాకపోతే నీ ఇష్టం.

పద్మిని


అరోరా
ఏప్రిల్ 5

అక్కా,

చెంపలు వేసుకుంటున్నాను. ఉమ చూస్తుండగా నిజంగానే వేసుకున్నాను.

91 ప్రయాణం గుర్తుంది. మీ ఇంటి వెనక కొండ, బావగారి పాత జీపు, అందులో నాకు కడుపులో తిప్పడం, అన్నీ గుర్తున్నాయి. హాలు మాత్రం బొత్తిగా గుర్తు లేదు. ఉమని అడిగితే, "మీకెలా గుర్తుంటుంది? దీపాలు ఆర్పకముందే నిద్రపోయారు" అంది. కాబట్టి నేను మరిచిపోలేదు, వినలేదు. అప్పుడు చెవులు బాగున్నా వినలేదు. ఇప్పుడు వినాలన్నా చెవులు లేవు.

నువ్వు తిట్టినా సరే ఇంకో మాట అడగాలి. అనన్య ఆ గడియారం బొమ్మ పంపింది. నీకు తెలివి బ్రహ్మాండంగా ఉందని, మూడు మాటలే కాదు, ముప్ఫై చెప్పేదని రాసింది. మరి బొమ్మలో అంకెలు ఎందుకక్కా ఒకదాని మీద ఒకటి పడ్డాయి? ముల్లు గుండ్రం దాటి బయటికి ఎందుకు పోయింది? నీ ఉత్తరాలన్నీ వరసగా బల్ల మీద పెట్టి చూశాను. జనవరిలో పేజీకి ఇరవై లైన్లు. మార్చిలో తొమ్మిది. కోపంతో పెద్దగా రాసిందేమో అని ఉమ అంది. అక్షరాలకి కోపమొస్తే పెద్దవవుతాయి, వంకరగా పోవు.

నీ కళ్ళకి ఏమైంది?

మే నెలలో నేనే వస్తున్నాను. పరీక్షలేవీ పెట్టను.

బ్రహ్మం


పైలట్ వెల్స్
ఏప్రిల్ 20

బ్రహ్మం,

నువ్వు ఇంజనీరువి అయ్యావు గాని పోలీసువి కావాల్సింది.

రెండు కళ్ళలోనూ చూపు మధ్యలోంచి పోతోంది. పోయిన ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో చెప్పారు. ఇంజెక్షన్లు చేశారు, ఆగలేదు. దేన్ని చూద్దామనుకుంటానో అది మాయమైపోతుంది, దాని చుట్టుపక్కలది కనిపిస్తుంది. చెట్టు కేసి చూస్తే ఆకాశం. లవర్న్ మొహం చూద్దామంటే దాని చెవిపోగులు. కారు తాళాలు దానికే ఇచ్చేశాను. తెర మధ్యలో పొద్దుటి మంచులాంటిది నిలబడి ఉంటుంది. ఆర్నెల్లుగా ఏ సినిమా చూశానంటే చెప్పలేను. ఆయన మాట విని, చీకట్లో రెండు గంటలు కూర్చుని, అందరితోపాటు లేచి వస్తాను. నిద్రలో నడిచినట్టుంటుంది. బాధగా ఉండదు, అబద్ధమెందుకు?

చరిత్ర పూర్తయింది. లావు కలంతో రాశాను, లవర్న్ టైప్ చేసింది. పంపించాం.

అనన్యకి చెప్పకు. వస్తానన్నావుగా, రా.

అక్క


అరోరా
జూన్ 3

అక్కా,

నువ్వు ఇక్కడికి రావద్దు.

ఈ మాట రాయడానికి రెండు వారాలు పట్టింది. రెండేళ్ళుగా రా రా అని ప్రాణం తీసినవాణ్ణి నేనే. కింద గదికి కొత్త దుప్పట్లు కూడా ఉమ కొని పెట్టింది. అవన్నీ అలా ఉంచు.

నేనక్కడున్న శనివారం రూబీలో నేనేం చూశానో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు నా కేసి తిరిగి, నాకు అర్థమయ్యేట్టు పెదాలు కదుపుతూ, ఆయన చెప్పేది ముక్కముక్కగా చెప్తున్నావు. నేను నీ మొహం చూడ్డం మానేసి హాలు చూశాను. చెవులు తగ్గుతూ వచ్చినకొద్దీ పెదాలు చదవడం అలవాటైందని తెలుసుగా. హాల్లో అందరూ లేచి నిలబడి ఉన్నారు, అందరి పెదాలూ కదులుతున్నాయి. ముసలి గొర్రెల ఆసామి, టోపీ పెట్టుకున్న పెట్రోల్ బంక్ మనిషి, చంకలో బిడ్డ ఉన్న అమ్మాయి, అందరూ ఒకేసారి, ఒకే మాట. బావగారు పోయాక పుట్టిన పిల్లలున్న తల్లులు కూడా. "ఏడ్చే పెద్దవాళ్ళు ఉండొచ్చు" దగ్గర అందరూ నవ్వారు. నాకు చప్పుడు లేదు. నవ్వు మాత్రం కనిపించింది, గాలికి చేను వంగినట్టు ముందు వరస నుంచి వెనక వరస దాకా.

ఆ తరవాత చివర్న ఒక మాట. ఇంగ్లీషు కాదు. ఆసామి పెదాలు సున్నాలా గుండ్రంగా చుట్టుకుని తెరుచుకున్నాయి. "కూర్చోండి." అక్కా, అమెరికావాళ్ళ పెదాల మీద తెలుగు చదవడం నా జన్మలో అదే మొదలు. వాళ్ళకది తెలుగని కూడా తెలుసో లేదో. అని, అందరూ కూర్చున్నారు.

ఆ తరవాత సినిమాలో ఏం జరుగుతోందో నీకు చెప్తానని మొదలుపెట్టాను. నా మాట నాకు వినపడదు కదా, గుసగుసలాడుతున్నాననుకున్నాను. "ఇప్పుడు గుర్రం మీంచి దిగాడక్కా! వెనక నుంచి వాడెవడో వస్తున్నాడు!" అని హాలంతా మోగేట్టు అరిచానని ఇంటికొచ్చాక చెప్పావు. ఒక్కళ్ళూ వెనక్కి తిరిగి చూడలేదు. అలాంటి జనాన్ని వదిలి నువ్వు ఈ మేపుల్ చెట్టు దగ్గరికెందుకు? నిన్ను రమ్మనడం నా స్వార్థం. ఇక అనను.

నీ తమ్ముడు


పైలట్ వెల్స్
జూన్ 8, ఆదివారం

బ్రహ్మం,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది, ఒక్క ముక్క రాయలేదు. హాల్లో నీ అరుపులకి నిన్నెవరో పోలీసులకి పట్టించారేమోనని ఉమ భయపడుతోందా?

శుభవార్త. రూబీని గుర్తించారు. లవర్న్ ఆ ఉత్తరం పట్టుకుని, చెప్పులు లేకుండా, వీధిలో పరిగెత్తుకుంటూ వచ్చింది. వేసవి అయ్యేలోపు కప్పు వేస్తారు. నిన్న ఆటకి ముందు హాలు చరిత్ర నన్ను చదవమన్నారు. స్టేజి ఎక్కి కాగితం పట్టుకున్నాను. నా అక్షరం నాకే కనపడలేదు. లవర్న్ పక్కకొచ్చి నిలబడి చదివింది. నేను వింటూ నిలబడ్డాను. అరియెటా, కుక్కల వరస, మళ్ళీ పుట్టిన హీరోయిన్. నా మాటలేనా ఇవి అనిపించింది. నాది కాని ఒక కథలా, దూరంగా, బాగుంది.

ఇక విను. నేను వస్తున్నాను. కింద గది సర్దమని ఉమకి చెప్పు.

ఎందుకంటావేమో. నువ్వు వచ్చిన శనివారం నీకు చెప్పే హడావుడిలో నేను ఆయన మాట వినలేదురా. ముప్ఫై ఏడేళ్ళలో ఒక్క వారం నేను వినలేదు. ఇంటికొచ్చాక తట్టింది. తరవాత ఆలోచించాను. నేను వినకపోతే ఏమైంది? దగ్గేవాళ్ళు వెనక్కే వెళ్ళారు. జనం నవ్వారు. నేను వెళ్ళకపోతే ఆయన ఒక్కరే ఖాళీ హాల్లో మాట్లాడుతుంటారని రెండేళ్ళుగా నాకెవరు చెప్పారు?

ఇంకొకటి. గుర్రం మీంచి దిగాడని నువ్వు అరిస్తే నాకు గుర్రం కనిపించింది. అదీ సంగతి.

అక్క


పైలట్ వెల్స్
జూన్ 14

బ్రహ్మం,

నా ఎనిమిదో తారీఖు ఉత్తరం పోస్టులో పడిన మర్నాడు నీ మూడో తారీఖు ఉత్తరం వచ్చింది. భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను కదా. "నువ్వు ఇక్కడికి రావద్దు" దాకా చదివాను. భూతద్దం కింద పెట్టేశాను.

రెండు రోజులు మళ్ళీ పట్టుకోలేదు. కళ్ళు లేనిదాన్ని దగ్గరుండి చూశాడు, భయపడ్డాడు, నిజమే, ఉమకి మోకాళ్ళు, వాడికి చెవులు, ఎలా చేస్తారు అనుకున్నాను. కోపం కూడా రాలేదు. పెట్టెలో పెట్టిన బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టాను. నా గొడవ చూసి లవర్న్ వచ్చి ఆ ఉత్తరం చేతిలోకి తీసుకుంది. దానికి తెలుగు రాదు. "డాక్టర్, రావద్దు అనడానికి నాలుగు పేజీలు ఎవరు రాస్తారు?" అంది.

నిన్నంతా కూర్చుని మిగతాది చదివాను. "కూర్చోండి" దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

నా ఉత్తరం నీకీపాటికి అంది ఉంటుంది. రెండూ ఎక్కడో నెబ్రాస్కా మైదానాల్లో పక్కపక్క ట్రక్కుల్లో ఎదురుపడి, నువ్వు ఎటు, నువ్వు ఎటు అనుకుని ఉంటాయి. నువ్వు ఉండమన్నావు కాబట్టే రావడం తేలికైంది. రమ్మంటూ ఉంటే ఇంకో రెండేళ్ళు మొండికేసేదాన్ని.

బట్టలు మళ్ళీ పెట్టెలో పెడుతున్నాను.

అక్క


పైలట్ వెల్స్
జూన్ 29, ఆదివారం

బ్రహ్మం,

టిక్కెట్టు బుక్ చేశారు. మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి దిగుతాను. ఈ ఉత్తరం నాకంటే వెనకాలే వస్తుంది. పోనీలే, నీకు అక్క దగ్గర్నుంచి ఉత్తరం రావడం, అక్క పక్కన కూర్చుని ఉండడం ఒకేసారి జరగనీ. అప్పుడు గట్టిగా చదివి వినిపించు, మధ్యలో నేను తప్పులు దిద్దుతాను.

నిన్న ఆఖరి శనివారం. ఎనభైమంది వచ్చారు. టేపు తీసి ఇచ్చేస్తాను పట్టుకెళ్ళు అంది లవర్న్. వద్దన్నాను. మరి ఆ గద్వాల కుర్చీ ఒకటి విప్పి ఇవ్వనా అంది. దాని మీద కాళ్ళూపుకుంటూ ఎవరో పాప కూర్చుని ఉంది, నాకు ఆ చెప్పులు కనిపిస్తున్నాయి. విప్పొద్దన్నాను.

తలుపు పక్కన నిలబడ్డాను. నాలుగైంది. టేపు కొంచెం గరగరలాడింది. ఆయన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను, ఒక్క మాట పోనివ్వకుండా. చివర్న కూర్చోమన్నారు. హాలంతా ఆ మాట అంది. ఎనభై కుర్చీల చప్పుడు, పెద్ద పక్షి ఏదో రెక్కలు ముడుచుకున్నట్టు. అందరూ కూర్చున్నారు.

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

వీధిలో ఇంకా బోలెడంత ఎండ. రూబీలో సినిమా మొదలయ్యే వేళకి ఊరు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఒక్క మనిషి లేడు. గాలి కూడా లేదు. గోడ అవతల సంగీతం మొదలైంది, ఎవరో మాట్లాడుతున్నారు, ఇంకెవరో నవ్వించారు, అందరూ ఒక్కసారి నవ్వారు. ఎందుకో నాకు తెలియదు. కాసేపు ఆ ఎండలో నిలబడి ఇంటికి నడిచాను. దారి నాకు బాగానే తెలుసు.

అక్క